రచ్చబండ ఆటకు రంగుల బొమ్మలు

తిరుపతి: ఊరి నడుమ వేపచెట్టు. చెట్టు చుట్టూ రచ్చబండ. బండ మీద ఎవరో, ఎప్పుడో ఉలితో గీసిన గీతలు. ఒక కొన నుంచి కిందికి దిగిన నాలుగు గీతలు, వాటిని అడ్డంగా కోస్తూ మరికొన్ని గీతలు. ఊళ్లో పెద్దవాళ్లను ఎవరిని అడిగినా అవేమిటో చెబుతారు. పిల్లల్ని అడిగితే 'ముగ్గేమో' అనే రోజులు వచ్చాయి.

అది ముగ్గు కాదు. పులిజూదం పటం. కొన్ని ఊళ్లలో పులీమేకా అంటారు. మరికొన్ని ఊళ్లలో మేకాపులి. సరిహద్దు దాటి తమిళనాడులోకి వెళితే అదే ఆటకు 'ఆడు పులి ఆట్టం' అని పేరు. కర్ణాటక వైపు వెళితే 'ఆడు హులి ఆట'. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం వైపు ఈ మూడు పేర్లలో దేనితో పిలిచినా పలికే ఆట ఇది.

ఈ ఆటకు ఇంతవరకు పావులంటే పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు పదిహేను చింతగింజలు. ఆట అయిపోతే ఎక్కడివక్కడే పారేసి లేచిపోవడమే. పైసా ఖర్చు లేదు. అందుకే ఇన్ని తరాలు బతికింది. అయితే చేతిలో మెరిసే ఫోను ఉన్న నేటి పిల్లవాడిని బండ దగ్గర కూర్చోబెట్టడానికి చింతగింజ ఒక్కటే చాలడం లేదు. మరి ఆ గింజ స్థానంలో పిల్లవాడు తన చేత్తో చేసి, తానే రంగు వేసిన మేక ఉంటే? ఆ మేకను కొలువులో దాచుకున్నంత భద్రంగా దాచుకుంటాడు. దాన్ని పులి నోట పడకుండా కాపాడుకోవడానికి బుర్ర పెట్టి ఆడతాడు.

ఇది వింత ఆలోచనేమీ కాదు. ప్రపంచంలో లక్షల మంది చేస్తున్న పనే.

సముద్రాల అవతల బల్ల మీది యుద్ధాలు

జర్మనీలో భాగమైన నాటి ప్రష్యా రాజ్యంలో 1824లో రైస్విట్స్ అనే సైనికాధికారి పటం మీద పావులు జరుపుతూ యుద్ధవిద్య నేర్పే ఆటను సైన్యానికి అందించాడు. తర్వాత ఇంగ్లండులో ప్రసిద్ధ రచయిత హెచ్.జి.వెల్స్ పిల్లల సీసపు సిపాయిలతో ఇంట్లో యుద్ధం ఆడే పద్ధతిని వివరిస్తూ 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకం ప్రచురించాడు. 1983లో అక్కడే గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 'వార్‌హామర్' అనే ఆటను తెచ్చింది. ఇప్పుడది ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు.

ఆ ఆటలో ఒక విశేషం ఉంది. బొటనవేలంత బొమ్మలను కంపెనీ రంగు లేకుండానే అమ్ముతుంది. కొన్నవాళ్లే ముక్కలు అతికించుకోవాలి, రంగులు వేసుకోవాలి. ఆట ఆడేది ఒక పూట అయితే, బొమ్మలకు రంగులు వేసేది నెల రోజులు. కొంతమందికి ఆట కంటే రంగులు వేయడంలోనే ఎక్కువ ఆనందం. బొమ్మ తన చేతి పని కాబట్టి ఆట మీద మమకారం పెరుగుతుంది. కంపెనీ కిటుకు అంతా ఇక్కడే ఉంది.

అంత దూరం ఎందుకు, మన పొరుగున నేపాల్ ఉంది. అక్కడి జాతీయ ఆటలాంటిది 'బాఘ్ చాల్'. నాలుగు పులులు, ఇరవై మేకలు, ఇరవై ఐదు స్థానాలు. మన పులిజూదానికి దగ్గరి చుట్టమే. అక్కడ ఇత్తడితో చిన్న చిన్న పులులు, మేకలు పోతపోసి పటంతో సహా బజారులో పెడతారు. ఖాట్మండు చూసి వచ్చే యాత్రికులు గుర్తుగా కొనుక్కుని పోతారు. మన ఆటకూ అదే రాత ఎందుకు ఉండకూడదు?

ప్రయత్నం మన వైపు కూడా మొదలైంది. చెన్నైలో 2002లో ప్రారంభమైన క్రీడా అనే సంస్థ పులిమేకతో పాటు పాత ఆటలెన్నింటినో తయారు చేసి అమ్ముతోంది. మైసూరులో రామ్‌సన్స్ కళాప్రతిష్ఠాన్ అనే సంస్థ రకరకాల హస్తకళల వారితో పాత ఆటల పటాలు, పావులు చేయించి 'క్రీడా కౌశల్య' పేరుతో ప్రదర్శనలు నిర్వహిస్తోంది.

ఆడే తీరు ఇదీ

కొత్తగా నేర్చుకునేవారికి ఆట ఒక పూటలో వస్తుంది. పట్టు చిక్కడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

పటం గీయడం ముందు నేర్చుకోవాలి. పైన ఒక కొన పెట్టుకోవాలి. దీన్ని కొండ కొమ్ము అనుకోవచ్చు. అక్కడి నుంచి కిందికి విచ్చుకునేలా నాలుగు గీతలు దించాలి. వాటి అడుగు కొసలను ఒక అడ్డగీతతో కలపాలి. నడుమ మూడు అడ్డగీతలు గీసి, వాటిని రెండు పక్కలా కొంచెం బయటికి సాగదీయాలి. అలా సాగిన కొసలను అటూ ఇటూ ఒక్కో నిలువు గీతతో కలపాలి. గీతలు కలిసే చోట్లన్నీ లెక్కపెడితే పైన ఒకటి, నడిమి మూడు వరుసల్లో ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23 వస్తాయి. లెక్క తప్పితే పటం తప్పినట్టే.

పులులు మూడు. చాలాచోట్ల ఒకదాన్ని కొమ్ము మీద, రెండింటిని దాని కిందనే ఉన్న వరుసలో నడుమ పెడతారు. మేకలు పదిహేను. మేకలవాడు ఒక మేకను ఖాళీ స్థానంలో పెడతాడు, పులులవాడు ఒక పులిని పక్క స్థానానికి జరుపుతాడు. ఇలా వంతులవారీగా సాగుతుంది. పదిహేను మేకలూ పటం మీదికి వచ్చేదాకా పెట్టిన మేకను కదపకూడదు. పులికి మాత్రం మొదటి నుంచీ స్వేచ్ఛే. మేక పక్కన నిలబడి, అదే గీత మీద దాని వెనక స్థానం ఖాళీగా ఉంటే పులి మేకను దాటి దూకుతుంది. ఆ మేక పోయినట్టే.

ఎన్ని మేకలు పోతే ఓటమో ఆటకు ముందే చెప్పుకుంటారు. ఇది ఊరిని బట్టి మారుతుంది. మేకలవాడు గెలవాలంటే మాత్రం ఒకటే దారి. మూడు పులులూ ఎటూ కదలలేకుండా, ఎటూ దూకలేకుండా కట్టేయాలి.

పదిహేను మేకలూ ప్రాణాలతో పటం మీదికి వస్తే మిగిలే ఖాళీలు ఐదే. అక్కడి నుంచి పులికి ఊపిరి ఆడదు. అందుకే తెలిసినవాళ్లు మేకలను ముందు పటం అంచుల్లో పెడతారు. వెనక ఖాళీ లేని మేకను పులి ఏమీ చేయలేదు. కొత్తవాళ్లు ధైర్యంగా నడిబొడ్డున పెట్టి పోగొట్టుకుంటారు.

పేరులో జూదం ఉన్నా ఇందులో పాచికలు లేవు, గవ్వలు లేవు, అదృష్టం లేదు. వైకుంఠపాళిలో పాము మింగితే రాత అనుకోవచ్చు. ఇక్కడ మేక పోతే తప్పు ఆడినవాడిదే. బలవంతులు ముగ్గురే, బలహీనులు పదిహేనుమంది. ఒంటరిగా తిరిగిన మేక పులి పాలవుతుంది. ఒకదాని వెనక ఒకటి నిలిచిన మేకలు పులిని కట్టేస్తాయి. ఊళ్లో పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

మట్టి ముద్దలోంచి మేక

మట్టిని బొమ్మ చేసి రంగు వేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరిగే ఊళ్లలో చివరి రోజున మైదానంలో పడుకోబెట్టినట్టు పోసే నిలువెత్తు దుర్యోధనుడి మట్టి బొమ్మను చూడని వాళ్లు అరుదు. పలమనేరు ప్రాంతపు మట్టి బొమ్మలకు ఎక్కడెక్కడో పేరుంది. అంత పెద్ద బొమ్మ చేయగలిగిన నేల మీద బొటనవేలంత మేక ఒక లెక్కా?

చెరువు మట్టిని రాళ్లు, పుల్లలు ఏరి, నీళ్లతో నానబెట్టి, చపాతీ పిండిలా మెత్తగా పిసకాలి. కొంచెం సన్నని ఇసుక కలిపితే ఎండేటప్పుడు పగుళ్లు రావు. నిలబడిన మేకను చేయాలని చాలామంది పిల్లలు తొందరపడతారు. కాళ్లు సన్నగా ఉండి మొదటి ఆటలోనే విరిగిపోతాయి. కాబట్టి పడుకుని నెమరు వేసే మేకను చేయడం మేలు. పులిని కూర్చున్నట్టు చేయాలి. కొమ్ములు, చెవులు పొట్టిగా, తలకు అంటుకుని ఉండాలి. అడుగు భాగం చదునుగా ఉంటే పటం మీద కదలకుండా నిలుస్తుంది.

బొమ్మలను ఎండలో పెట్టకూడదు. నీడన నాలుగైదు రోజులు ఆరనివ్వాలి. తడి పూర్తిగా పోని బొమ్మను కాలిస్తే లోపలి నీరు ఆవిరై బొమ్మ పగిలిపోతుంది. ఊళ్లో కుమ్మరి ఆవం పెట్టే రోజు కనుక్కుని, కుండల సందులో ఈ పద్దెనిమిది బొమ్మలు పెట్టమని బతిమాలితే చాలు. ఆవం లేని ఊళ్లో కాల్చకుండానే రంగు వేసుకోవచ్చు. కాకపోతే తడి తగలకుండా చూసుకోవాలి.

పసుపు ఎర్రబడితే...

రంగుల దగ్గర కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. బొమ్మ తెల్లబడాలని ముందుగా సున్నం పూస్తారు. దాని మీద పులికి పసుపు పూస్తారు. చూస్తుండగానే పులి ఎర్రబడుతుంది. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అవుతుందని పెళ్లి ఇళ్లలో అందరికీ తెలుసు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతారు. కాబట్టి సున్నం బదులు సుద్దను నీళ్లలో కలిపి, కాస్త తుమ్మబంక చేర్చి పూయాలి. ఆ పూత మీద రంగు చక్కగా పడుతుంది, బొమ్మ మట్టి రంగు పైకి కనిపించదు.

పసుపు ఎండకు వెలిసిపోతుంది. బొమ్మ చాలాకాలం ఉండాలనుకుంటే స్టేషనరీ దుకాణంలో దొరికే పోస్టరు రంగులు వాడుకోవచ్చు. ఎరుపుకు ఎర్రమన్ను, నలుపుకు దీపపు మసి లేదా మెత్తగా నూరిన బొగ్గు ఇంట్లోనే ఉన్నాయి. తుమ్మబంక నీళ్లు కలిపితేనే ఇవి బొమ్మను పట్టుకుంటాయి. రంగు చిక్కగా ఒకేసారి పూస్తే ఆరిన తర్వాత పెచ్చులు లేస్తుంది. పల్చగా ఒక పూత వేసి, ఆరిన తర్వాత రెండో పూత వేయాలి. కుంచె కొననవసరం లేదు. ఈతపుల్ల కొనను రాయితో నలగ్గొడితే సన్నని కుంచె తయారు.

ముందు ఒళ్లంతా ఒకే రంగు. అది ఆరాక చారలు, మచ్చలు. చివరన కళ్లు. దేవతా విగ్రహాలకు శిల్పులు కళ్లు ఆఖరున దిద్దడం అందరూ ఎరిగిందే. బొమ్మకైనా అదే పద్ధతి. కళ్లు పడిన తర్వాతే మట్టి ముద్ద మేక అవుతుంది.

మేకలు పదిహేనూ ఒకేలా ఉండనక్కరలేదు. మందలో అవి ఒకేలా ఉంటాయా? కాపరికి నల్లదీ, బొల్లిదీ, పొడలదీ, చెవి చీలిందీ వేరువేరుగా తెలుసు. సాయంత్రం దొడ్డికి తోలేటప్పుడు ఒకటి తగ్గితే ఏది రాలేదో లెక్కపెట్టకుండానే చెబుతాడు. పదిహేను మేకలకు పదిహేను రకాల మచ్చలు వేసిన పిల్లవాడు కూడా అలాంటి కాపరే అవుతాడు. చింతగింజ పోతే మరో గింజ. బొల్లి మేక పోతే మాత్రం మనసు చివుక్కుమంటుంది. తర్వాతి ఆటలో జాగ్రత్త దానంతట అదే వస్తుంది.

పనివారు మన దగ్గరే ఉన్నారు

ఈ ఆటను అందంగా తీర్చగల చేతులు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కొదవ లేదు. 2022లో జిల్లాలు విడిపోయినా పనితనం విడిపోలేదు.

స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు వెదురు కలంతో గుడ్డ మీద రామాయణ, భారత కథలు గీస్తున్నారు. కరక్కాయ రసం, పాలు పట్టించిన గుడ్డ మీద రంగు పక్కకు పాకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టి నల్లరంగు తీస్తారు. ఈ కళ కూడా ఒకనాడు కొడిగట్టిందే. 1950ల చివర శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం తెరవడంతో మళ్లీ తేరుకుంది. ఈ పనిలో పేరు తెచ్చుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. పులిజూదం పటాన్ని కలంకారీ గుడ్డ మీద గీస్తే చాపలా చుట్టి చంకలో పెట్టుకుని పోవచ్చు. పరిచిన చోటే రచ్చబండ అవుతుంది.

ఏర్పేడు మండలం మాధవమాల చెక్క శిల్పాలకు పేరున్న ఊరు. దేవుడి విగ్రహాలు, గుడి వాహనాలు చెక్కే చేతులకు అంగుళం ఎత్తు పులి కష్టం కాదు. బొమ్మల కొలువులో పెట్టే రాజా రాణి జతను ఎర్రచందనంతో చెక్కడం తిరుపతి ప్రాంతపు పాత పద్ధతి. తమిళులు వాటిని మరపాచి బొమ్మలంటారు. అయితే ఎర్రచందనం శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా మరెక్కడా పెరగదు. అనుమతి లేకుండా పుల్ల తెచ్చినా నేరమే. ఆట బొమ్మకు ఆ చెట్టు జోలికి పోనవసరం లేదు. మట్టి చాలు, మామూలు కర్ర చాలు.

రాష్ట్రంలో మిగతా చోట్ల బొమ్మలు ఎలా చేస్తున్నారో చూసినా దారి దొరుకుతుంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కలు అతికిస్తారు. మన దగ్గర పావుగా ఉన్న చింతగింజ అక్కడ బొమ్మకు జిగురు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్క రంగులు అద్దుతారు. చెట్ల నుంచి తీసిన రంగులతో ఆ బొమ్మలకు కొత్త ఊపిరి పోసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పాత కళకు కొత్త వాడకం దొరికితే అది నిలబడుతుందని ఈ ఊళ్లు చెబుతున్నాయి.

బండ పోతే ఆట పోతుంది

దక్షిణాదిలో పాత గుళ్ల మండపాల్లో, సత్రాల అరుగుల మీద ఈ పటాలు చెక్కి ఉంటాయి. హంపి శిథిలాల్లో కూడా ఇలాంటి ఆటల గీతలు కనిపిస్తాయి. గుడి కట్టిన కూలీలో, కాపలా కాసిన బంట్లో, ఎండకు ఆగిన బాటసారులో గీసుకున్నవి. రాజులు వేయించిన శాసనాలకు కాపలా ఉంది. ఈ గీతలకు లేదు. రచ్చబండకు సిమెంటు పూసినా, మండపంలో పాత బండలు తీసి నున్నని గ్రానైట్ పరిచినా పటం ఒక్క రోజులో మాయమవుతుంది. పనిచేసేవాళ్లకు అదేమిటో తెలియకపోవడమే కారణం. మరమ్మతు మొదలయ్యే ముందు ఊరి పెద్దలు ఒక మాట చెప్పి ఆ ఒక్క బండను పక్కకు పెట్టిస్తే ఖర్చేమీ కాదు.

బండతో పాటు ఎత్తులు తెలిసిన ముసలివాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఏ మేకను ఎప్పుడు వదులుకుంటే ఏ పులి ఉచ్చులో పడుతుందో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. వాళ్ల ఎదుట కూర్చుని ఓడిపోతేనే తెలుస్తుంది. శివరాత్రి జాగరణ రాత్రి ఇందుకు మంచి సమయం. తెల్లవారేదాకా నిద్ర ఆపాలి కదా.

బొమ్మలు వస్తే ఆట బజారు సరుకు అవుతుందనే మాట కూడా లేకపోలేదు. అందులో నిజముంది. చింతగింజలతో ఎవరైనా, ఎక్కడైనా కూర్చోవచ్చన్నదే ఈ ఆటకు అందం. బొమ్మ లేదని ఆట ఆగకూడదు. అందుకే వేసవి సెలవుల్లో పిల్లలు మొదలుపెట్టే పద్ధతి ఇలా ఉంటే బాగుంటుంది. మొదటి రోజు గింజలతోనే ఆడాలి. రోజుకు ఒక బొమ్మ చేసి, ఒక గింజను తీసేయాలి. ముందు పులులు మూడు, ఆ తర్వాత మేకలు ఒక్కొక్కటి. పద్దెనిమిది రోజుల్లో పటం నిండుతుంది. కురుక్షేత్రం కూడా పద్దెనిమిది రోజులే కదా. అప్పటికి చేతికి రంగూ వస్తుంది, బుర్రకు ఎత్తూ వస్తుంది.

ఒక్క మేక విరిగితే కంగారు పడాల్సింది లేదు. కొత్తది ఆరేదాకా దాని చోట చింతగింజ ఉండనే ఉంది.